కార్డు పాయింట్లతో నలుగురం సింగపూర్ వెళ్లగలమా?

ప్రశ్న: మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం, నిజాంపేటలో అద్దె ఇల్లు. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. నెల ఖర్చు సుమారు 85 వేలు. అందులో అద్దె 24 వేలు, స్కూలు ఫీజులు నెలకు లెక్కేస్తే 15, కిరాణా, పాలు, కూరగాయలు 14, ఆన్‌లైన్ కొనుగోళ్లు, బయటి తిండి 12, పెట్రోలు 4, కరెంటు, ఫోను, నెట్ కలిపి 4, ఇన్సూరెన్స్ 4, ఊళ్లో అమ్మానాన్నలకు 8 వేలు. ఏడాదికి నాలుగుసార్లు థర్డ్ ఏసీలో ఊరెళ్తాం, ఆ టికెట్లకు వేరుగా 28 వేల దాకా అవుతుంది. వచ్చే వేసవిలో సింగపూర్ తీసుకెళ్తానని పిల్లలకు మాటిచ్చాను. విమానం టికెట్లకు లక్షా 20 వేలు, హోటల్‌కు 60 వేలు, అక్కడి ఖర్చులకు 70 వేలు అనుకుంటున్నాను. మా ఆఫీసులో ఒకాయన కార్డు పాయింట్లతో బిజినెస్ క్లాసులో ఫ్రీగా సింగపూర్ వెళ్లొచ్చాడు. నన్నూ నాలుగైదు కార్డులు తీసుకోమంటున్నాడు. స్నేహితుల ఖర్చులు నా కార్డు మీద పెట్టి వాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటే పాయింట్లు త్వరగా పెరుగుతాయని అంటున్నాడు. మా ఆవిడేమో కార్డుల జోలికే వెళ్లొద్దంటోంది. నా దగ్గర జీతం బ్యాంకు ఎప్పుడో ఇచ్చిన కార్డు ఒకటుంది, దాంట్లో 14 వేల పాయింట్లున్నాయి. అది మూసేసి కొత్తవి తీసుకోవాలా? వచ్చే ఏడాది చివర్లో ఫ్లాట్ కొనే ఆలోచన కూడా ఉంది. పేరు వెయ్యకండి.

సమాధానం: ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన ఫ్లాట్ సంగతే నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ఖర్చుల లెక్క ఇంత వివరంగా రాసి పంపినందుకు మాత్రం సంతోషం. ఈ లెక్క చేతిలో లేకుండా ఏ కార్డు మంచిదని అడిగేవాళ్లే ఎక్కువ.

ప్రకటనలు చూస్తే గీకిన ప్రతి రూపాయికీ పాయింట్లు పడతాయనిపిస్తుంది. మీ 85 వేలలో ఎంతకు పడతాయో చూద్దాం.

అద్దె 24 వేలు ముందే పక్కన పెట్టేయండి. ఒకప్పుడు ఫోన్‌పే, క్రెడ్ లాంటి యాప్‌లలో కార్డు మీద అద్దె కట్టి పాయింట్లు సంపాదించేవాళ్లు. చాలా బ్యాంకులు దాని మీద పాయింట్లు ఆపేశాయి, పైగా ఒక శాతం చార్జీ పెట్టాయి. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పేమెంట్ అగ్రిగేటర్ల (డబ్బు చేరవేసే మధ్యవర్తి సంస్థల) నిబంధనలు బిగించాక ఆ యాప్‌లు ఆ సౌకర్యమే తీసేశాయి. అమ్మానాన్నలకు పంపే 8 వేలకూ దారి లేదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చు గానీ, దాంతో దుకాణాలకే కట్టగలం, మనుషులకు పంపలేం. మీ పాలాయన గోడకు అంటించిన క్యూఆర్ ఆయన సొంత ఖాతాదైతే అక్కడా పనిచేయదు. స్కూలు ఫీజు యాప్‌ల ద్వారా కడితే చాలా బ్యాంకులు ఒక శాతం అదనంగా వేస్తున్నాయి, స్కూలు తనవంతుగా ఇంకో చార్జీ వేస్తే అదీ మీదే. ఇన్సూరెన్స్, కరెంటు బిల్లు, పెట్రోలు మీద కొన్ని కార్డులు అసలేమీ ఇవ్వవు, కొన్ని ఇంతకు మించి ఇవ్వమని పరిమితి పెడతాయి. పెట్రోలు బంకులో ఒక శాతం సర్‌చార్జి మాఫీ అవుతుంది, అంతే. రైతుబజారు కూరగాయలు సరేసరి.

ఇక మిగిలేది ఆన్‌లైన్, బయటి తిండి 12 వేలు, కిరాణాలో సూపర్‌మార్కెట్‌లోనో యాప్‌లోనో కొనే ఓ 8 వేలు. మొత్తం 20 వేలు. పాయింట్ల ఆటలో మీ చేతిలో ఉన్న అసలు పెట్టుబడి ఇదే. ఏడాదికి 2 లక్షల 40 వేలు. ఒక శాతం ఇచ్చే కార్డు మీద ఇది 2,400 రూపాయలు. ఇందులో 16 వేలు ఆన్‌లైన్‌కు మళ్లించి, ఆన్‌లైన్ కొనుగోళ్లకు 5 శాతం వెనక్కిచ్చే కార్డు వాడితే ఏడాదికి 9,600. ఒకే ఇల్లు, ఒకే ఖర్చు, నాలుగు రెట్ల తేడా. కాబట్టి కార్డు ఎంపికకు విలువ ఉంది, కాదనను. కానీ ఆ 9,600తో బిజినెస్ క్లాసు రాదు.

మరి మీ కొలీగ్‌కు ఎలా వచ్చింది? ఆయన అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఇలాంటి సీట్లు సంపాదించేవాళ్లలో ఎక్కువమంది ఆఫీసు ప్రయాణాలు, హోటళ్లు సొంత కార్డు మీద పెట్టి తర్వాత కంపెనీ నుంచి తీసుకునేవాళ్లు. లేదా వ్యాపారం ఖర్చులు కార్డు మీద తిప్పేవాళ్లు. ఏడాదికి పదీ పదిహేను లక్షలు గీకుతారు. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫీనియా లాంటి కార్డు చేతిలో ఉంటుంది. అది బ్యాంకు తనంతట తాను పిలిచి ఇచ్చే రకం. ఆ పాయింట్లను విమాన సంస్థ మైళ్లుగా, అంటే టికెట్‌కు వాడుకునే ఆ సంస్థ సొంత పాయింట్లుగా మార్చి, ఖాళీగా ఉన్న రోజు చూసుకుని ఒక సీటో రెండు సీట్లో పట్టుకుంటారు. ఫ్రీ అన్న టికెట్‌కూ ఎయిర్‌పోర్టు పన్నులు, ఇతర చార్జీలు జేబులోంచే కడతారు.

మీరు వెళ్లేది మే నెలలో, నలుగురు, పిల్లల సెలవుల్లో. పాయింట్ల మీద ఇచ్చే సీట్లు ప్రతి విమానంలో కొన్నే ఉంటాయి, రద్దీ రోజుల్లో అవి ఇంకా తగ్గుతాయి. నాలుగు కలిపి దొరకడం కష్టం. ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి, బ్యాంకు పాయింట్లను విమాన సంస్థకు మార్చాక వెనక్కి తెచ్చుకునే వీల్లేదు. సీటు కనబడకముందే మార్చేసి, తర్వాత సీటు లేక తల పట్టుకునేవాళ్లు కోకొల్లలు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైళ్లకు మూడేళ్ల గడువు కూడా ఉంది.

ఇంకో భయం ఈ పథకాలే మారిపోవడం. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఎగరడం ఆపేసింది. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, ఏళ్ల తరబడి క్లబ్ విస్తారా పేరుతో జనం పోగేసినవి ఎయిర్ ఇండియా ఖాతాలోకి వెళ్లాయి. పథకం అదే ఉన్నా, నిన్న ఇన్ని మైళ్లకు వచ్చిన సీటు రేపు ఇంకొన్ని అడుగుతుంది. పాయింట్లు దాచుకుంటే వడ్డీ రాదు, విలువ తరుగుతుంది. ఆ రిస్కు పెద్ద ఖర్చుదారులకు గిట్టుబాటు కావచ్చు. నెలకు 20 వేలు గీకే ఇంటికి కాదు. అందుకే మీకు మైళ్ల కార్డు వద్దంటున్నాను, డబ్బు రూపంలో వెనక్కిచ్చే కార్డు తీసుకోమంటున్నాను. ఆ డబ్బుతో ఏ విమానమైనా, ఏ తేదీనైనా కొనుక్కోవచ్చు.

అలాంటి వాటిలో అందరికీ తెలిసినవి రెండు. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు ఆన్‌లైన్ ఖర్చుకు, ఏ సైటైనా, 5 శాతం ఇస్తుంది. ఏడాది ఫీజు 999, పైన 18 శాతం జీఎస్టీ, వెరసి దాదాపు 1,180 రూపాయలు. ఏడాదికి 2 లక్షలు దాటి ఖర్చు చేస్తే ఆ తర్వాతి ఏడాది ఫీజు మాఫీ. రైలు టికెట్లు, కరెంటు, ఇన్సూరెన్స్, పెట్రోలు, స్కూలు ఫీజు లాంటివి ఇందులోకి రావు. రెండోది అమెజాన్ పే ఐసీఐసీఐ. దీనికి ఫీజు ఎప్పటికీ లేదు, ప్రైమ్ సభ్యులకు అమెజాన్‌లో 5 శాతం, బయట చాలా చోట్ల 1 శాతం. మీ ఆన్‌లైన్ ఖర్చులో ముప్పాతిక అమెజానే అయితే రెండోది చాలు. నాలుగైదు యాప్‌లలో తిరిగేవాళ్లయితే మొదటిది. అప్లై చేసే ముందు బ్యాంకు సైటులో ఆ రోజు నిబంధనలు, ముఖ్యంగా నెలకు ఎంతవరకు క్యాష్‌బ్యాక్ ఇస్తారన్న పరిమితి చదవండి. ఏ కార్డయినా ఏడాదికోసారి ఏదో ఒకటి మారుస్తూనే ఉంటుంది.

రైలు ప్రయాణాలకు ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ ప్లాటినం కార్డు ఉంది. ఫీజు 500, జీఎస్టీతో 590. ఐఆర్‌సీటీసీలో కొన్న ఏసీ టికెట్ల మీద 10 శాతం వరకు పాయింట్లు, పాయింటుకు రూపాయి, వాటితో మళ్లీ రైలు టికెట్లే కొనుక్కోవాలి. మీ 28 వేలకు 2,800 దాకా వస్తుంది, ఫీజు పోను 2,200. ఊరికి తరచూ వెళ్లేవాళ్లకు మంచి కార్డే. గౌతమిలో సంక్రాంతి బెర్తు మాత్రం అదీ ఇప్పించలేదు. అయితే దీన్ని మీరు ఇప్పుడే తీసుకోవద్దు. ఎందుకో ఫ్లాట్ దగ్గర చెప్తాను.

ఇక మీ 14 వేల పాయింట్లు. అవి 14 వేల రూపాయలని మీరు అనుకుంటున్నట్టు అనిపించింది. సాధారణ కార్డుల్లో పాయింటు విలువ చాలావరకు పావలా. అంటే 3,500 రూపాయలు. అదీ సరైన చోట వాడితేనే. ఒకే పాయింటుకు ఒకే కార్డులో మూడు రకాల ధరలుంటాయి. ఉదాహరణకు హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా గోల్డ్ చూడండి. 150 రూపాయల ఖర్చుకు 4 పాయింట్లు. ఆ పాయింటును బ్యాంకు సొంత పోర్టల్ స్మార్ట్‌బైలో విమానం టికెట్‌కు వాడితే 50 పైసలు, బిల్లులో జమ చేసుకుంటే 20 పైసలు. మొదటి దారిలో మీకు దక్కింది 1.33 శాతం, రెండో దారిలో అర శాతం చిల్లర. మిక్సీలు, సూట్‌కేసులు చూపించే గిఫ్టు కేటలాగ్ చాలా కార్డుల్లో నష్టపు బేరమే. దాంట్లో వస్తువు ధర బయటి కంటే ఎక్కువ వేసి చూపిస్తారు. రెడీమ్ చేసిన ప్రతిసారీ 99 రూపాయలు, దాని మీద జీఎస్టీ తీసుకునే బ్యాంకులూ ఉన్నాయి, కాబట్టి కొంచెం కొంచెంగా కాకుండా ఒకేసారి వాడండి. మీ బ్యాంకు యాప్‌లో రివార్డ్స్ పేజీ తెరిచి, ఆ 14 వేలకు విమానం టికెట్ అయితే ఎంత, వోచర్ అయితే ఎంత, బిల్లులో అయితే ఎంత చూపిస్తోందో ఇవాళే చూడండి. గడువు తేదీ కూడా చూడండి, పాత పాయింట్లు కొన్ని ఇప్పటికే రాలిపోయి ఉండొచ్చు.

సింగపూర్ ట్రిప్పుకు వద్దాం. ఏడాది పొడవునా గీకి సంపాదించే దానికంటే, ఆ రెండున్నర లక్షలు ఖర్చు పెట్టే విధానంలోనే మీకు లాభం ఎక్కువ ఉంది.

టికెట్ కొనేటప్పుడు మూడు ధరలు పక్కపక్కన పెట్టుకోండి. విమాన సంస్థ సొంత సైటు, మేక్‌మైట్రిప్ లాంటి ట్రావెల్ సైటు, మీ బ్యాంకు పోర్టల్. పోర్టల్‌లో ఐదు రెట్ల పాయింట్లు అని ఊరిస్తారు, టికెట్ ధరే బయటి కంటే వెయ్యి ఎక్కువుంటే ఆ పాయింట్లకు మీరే ముందుగా డబ్బు కట్టినట్టు. ట్రావెల్ సైట్లలో వారంలో ఏదో ఒక రోజు ఏదో ఒక బ్యాంకు కార్డుకు 10 శాతం లాంటి తక్షణ తగ్గింపు ఉంటుంది, గరిష్ఠంగా ఇంత అన్న షరతుతో. కన్వీనియన్స్ ఫీజు కూడా కలిపాక చివరి పేజీలో వచ్చే మొత్తాన్నే పోల్చండి. ఆ కార్డు మీ దగ్గర లేకపోయినా తమ్ముడి దగ్గరో బావమరిది దగ్గరో ఉంటే అడగడానికి మొహమాటపడకండి, అదే రోజు డబ్బు పంపేయండి.

క్యాష్‌బ్యాక్ కార్డు మీద పెట్టేటట్టయితే నెలవారీ పరిమితి దాటకుండా విమానం టికెట్లు ఒక బిల్లులో, హోటల్ ఇంకో బిల్లులో పడేలా చూసుకోండి. బిల్లు తయారయ్యే తేదీకి ముందు ఒకటి, తర్వాత ఒకటి. ట్రావెల్ సైట్లో కళ్లముందు మెరిసే నో కాస్ట్ ఈఎంఐ బటన్ జోలికి వెళ్లొద్దు. చాలా కార్డులు ఈఎంఐ కొనుగోళ్లకు రివార్డు ఇవ్వవు, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ మాత్రం పడతాయి.

అక్కడ పెట్టే 70 వేల మీద చాలామంది కళ్లు మూసుకుంటారు. మామూలు కార్డును విదేశంలో గీకితే 3.5 శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ డబ్బులో చేసే ఖర్చుకు బ్యాంకు వేసే చార్జీ), దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13 శాతం. 70 వేలకు దాదాపు 2,900 రూపాయలు ఊరికే పోతాయి. ఈ మార్కప్ లేని కార్డులు ఇప్పుడు ఉన్నాయి. స్కాపియా, ఐడీఎఫ్‌సీ ఫస్ట్ వావ్ అలాంటివి. రెండోది ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు, ఆదాయం రుజువులు అడగరు, డిపాజిట్‌కు వడ్డీ మామూలుగానే వస్తుంది. నన్నడిగితే దాన్ని మీ శ్రీమతి పేరున తీసుకోండి. కార్డులే వద్దన్నావిడకు కార్డు ఇప్పించమంటున్నానని నవ్వుకోవద్దు, కారణం ఉంది. ఆవిడ పేరున ఇప్పటిదాకా అప్పు చరిత్రే లేకపోతే రేపు హోమ్ లోన్‌లో సహ దరఖాస్తుదారుగా నిలబడేటప్పుడు ఇది పనికొస్తుంది. డిపాజిట్ ఎంతో లిమిట్ దాదాపు అంతే ఉంటుంది కాబట్టి ఆ 70 వేలకు తగ్గట్టు వేయండి.

సింగపూర్‌లో దుకాణం మిషన్ మీద రూపాయల్లో కడతారా, డాలర్లలోనా అని అడుగుతుంది. రూపాయల్లో అంకె చూస్తే మనకు హాయిగా ఉంటుంది, కానీ ఆ మారకం రేటు దుకాణం వైపు వాళ్లది, మనకు నష్టం. ఎప్పుడూ సింగపూర్ డాలర్లే నొక్కండి. హోటల్ కూడా అక్కడికెళ్లాక కడతానంటే డాలర్లలో పడుతుంది. ఇక్కడి సైటులో రూపాయల్లో ముందే కట్టేస్తే 60 వేల మీద ఆ 4.13 శాతం, అంటే 2,500 దాకా, తప్పుతుంది. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కొచ్చే గదినే చూసుకోండి.

ఎయిర్‌పోర్టు లాంజ్ గురించి మీరు అడగలేదు, మంచిదే. ఇప్పుడు చాలా కార్డులు గత మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే లోపలికి రానిస్తామంటున్నాయి, పైగా ఉచితం కార్డు ఉన్న మనిషికే. శంషాబాద్‌లో మీరొక్కరే లోపల ఉప్మా తింటూ కూర్చుంటే బయట ముగ్గురు ఏమనుకుంటారో మీకే తెలుసు.

ఇక ఫ్లాట్. మీరు వచ్చే ఏడాది చివర్లో లోనుకు వెళ్తారు. చాలా బ్యాంకులు హోమ్ లోన్ వడ్డీ రేటును సిబిల్ స్కోరుకు, అంటే మన అప్పుల చరిత్ర చూసి వేసే మార్కులకు, ముడిపెట్టాయి. ఆరు నెలల్లో నాలుగైదు కార్డులకు అప్లై చేస్తే, ప్రతిసారీ బ్యాంకు మీ రిపోర్టు తీసి చూసినట్టు నమోదవుతుంది, స్కోరు తగ్గుతుంది, ఈయనకు డబ్బు అవసరం ఎక్కువగా ఉందేమో అన్న అనుమానం మేనేజరుకు వస్తుంది. 50 లక్షల లోను మీద పావు శాతం వడ్డీ తేడా పడితే తొలి ఏడాదే 12,500 రూపాయల దాకా అదనం. మీరు ఏడాదంతా జాగ్రత్తగా పోగేసే క్యాష్‌బ్యాక్ కంటే ఇది ఎక్కువ, పైగా ఇది ఒక్క ఏడాదితో పోదు. అందుకే మీ పేరున ఇప్పుడు ఒకే ఒక్క కొత్త కార్డు. రైలు కార్డు ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయ్యాక తీసుకోండి, 2,200 ఎక్కడికీ పోదు.

టికెట్లు కొన్న నెలలో ఇంకో జాగ్రత్త. లిమిట్ లక్షన్నర ఉన్న కార్డు మీద లక్షా 20 వేలు కనిపిస్తే వాడకం ఎక్కువైందని స్కోరు దిగుతుంది. లిమిట్‌లో 30 శాతం లోపు ఉంచమని చెప్పేది ఇందుకే. బ్యాంకులు ఈ వివరాలను 2025 జనవరి నుంచి సిబిల్ లాంటి సంస్థలకు కనీసం 15 రోజులకోసారి పంపుతున్నాయి. డబ్బు ఎలాగూ సిద్ధంగా పెట్టుకున్నారు కాబట్టి బిల్లు దాకా ఆగకుండా, టికెట్లు కొన్న రెండు మూడు రోజుల్లోనే కార్డుకు కట్టేయండి.

స్నేహితుల ఖర్చు మీ కార్డు మీద పెట్టడం గురించి నా జవాబు ఒక్కటే, వద్దు. ఒకసారి తమ్ముడి టికెట్ కొనిపెట్టడం వేరు, దీన్నే పనిగా పెట్టుకోవడం వేరు. ఏడాదిలో 10 లక్షలు దాటి కార్డు బిల్లులు కడితే బ్యాంకు ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది, అది మీ వార్షిక సమాచార నివేదికలో కనిపిస్తుంది. మీ జీతానికి ఆ ఖర్చుకు పొంతన లేకపోతే నోటీసుకు జవాబు రాసుకోవాల్సింది మీరే. స్నేహితుడు మూడు రోజులు ఆలస్యం చేస్తే లేట్ ఫీజు మీకు, స్కోరు దెబ్బ మీకు, అడిగితే మాట పట్టింపు. లక్ష రూపాయలు తిప్పి ఇచ్చినా మీకు దక్కేది ఒక శాతం కార్డు మీద వెయ్యి రూపాయలు. సెల్‌ఫోన్ షాపుల్లో కార్డు గీకి క్యాష్ ఇస్తామని రాసి పెడతారే, దానికి ఇది ఒక మెట్టు కింద. అటు వెళ్తే బ్యాంకు కార్డే ఆపేస్తుంది.

మీ శ్రీమతి మాట విషయానికొస్తే, ఆవిడ భయంలో నాకు తప్పు కనిపించలేదు. కార్డు వడ్డీ చాలా బ్యాంకుల్లో నెలకు 3.75 శాతం దాకా, ఏడాదికి 45. బిల్లు 40 వేలు వచ్చిందనుకోండి, మినిమం డ్యూ (కనీసం కట్టాల్సిన మొత్తం) 2 వేలే కదా అని అది కట్టారనుకోండి. మిగతా 38 వేల మీద నెలకు 1,425 వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపితే 1,680 పైన. వడ్డీ లెక్క కొన్న రోజు నుంచే మొదలవుతుంది, ఆ తర్వాత కొన్నవాటికీ గడువు ఉండదు, కొన్న వెంటనే వడ్డీ. ఆ 40 వేలకు మీకు వచ్చిన రివార్డు, ఒక శాతం కార్డయితే, 400. ఒక్క నెల తడబడితే నాలుగు నెలల సంపాదన పోయింది. కాబట్టి కార్డు వచ్చిన రోజే ఆటోపేలో మినిమం కాకుండా పూర్తి మొత్తం అన్నది ఎంచుకోండి. అలా చేయడానికి మీకు మనసొప్పకపోతే, అంటే ఏదో ఒక నెల తక్కువ కట్టాల్సి వస్తుందేమో అన్న అనుమానం ఉంటే, ఆవిడ మాటే వినండి, కొత్త కార్డు తీసుకోవద్దు. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడం గురించి చెప్పనక్కర్లేదనుకుంటాను.

ఇవన్నీ సవ్యంగా చేస్తే ఎంత మిగులుతుంది? ఫీజు పోను ఏడాది క్యాష్‌బ్యాక్ 8,400. ట్రిప్పు బుకింగుల మీద తగ్గింపో క్యాష్‌బ్యాకో, పరిమితులు చూసుకుని తక్కువలో తక్కువ 5 వేలు. ఫారెక్స్ మార్కప్ మిగులు 2,900. పాత పాయింట్లు 3,500. మొత్తం 20 వేలకు కాస్త అటూ ఇటూ. మీ లెక్క ప్రకారం ఒక్కొక్కరి టికెట్ 30 వేలు. అంటే నాలుగు టికెట్లలో ఒకదాని ధరలో మూడింట రెండు వంతులు కార్డులు కడతాయి. మిగతా 2 లక్షల 30 వేలు మీ పొదుపులోంచే రావాలి. వేసవికి ఇంకా ఎన్ని నెలలుందో దాన్నిబట్టి ఇప్పుడే ఒక రికరింగ్ డిపాజిట్ తెరిచి, నెలనెలా వచ్చిన క్యాష్‌బ్యాక్ కూడా అందులోకే మళ్లించండి. బిల్లులో తగ్గింపుగా వచ్చే క్యాష్‌బ్యాక్ మరుసటి నెల ఖర్చులో కలిసిపోయి కనబడకుండా పోతుంది, అంత మొత్తాన్ని మీరే చేత్తో పక్కకు తీయాలి.

పాత కార్డు మూయాలా అని అడిగారు. ఏడాది ఫీజు లేనిదైతే ఉంచండి. మీ అప్పు చరిత్రలో అన్నిటికన్నా పాత ఖాతా అదే, దాని లిమిట్ కూడా వాడకం శాతాన్ని తక్కువగా చూపిస్తుంది. లోను వచ్చేదాకా రెండు నెలలకోసారి ఫోన్ రీఛార్జి లాంటి చిన్న ఖర్చు దాని మీద పెట్టి కట్టేస్తుంటే చాలు. ఫీజు ఉన్నదైతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మాఫీ చేయమనండి, చెయ్యకపోతే ఫీజు లేని రకానికి మార్చమనండి. రెండూ కుదరక మూసేయాలనుకుంటే, ముందు ఆ 14 వేల పాయింట్లు వాడేయండి, మూసేశాక అవి పోయినట్టే. బకాయి మొత్తం కట్టేసి మూసేయమని రాతపూర్వకంగా అడిగాక, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఏడు పని దినాల్లో మూసేయాలి. ఆ పైన ఆలస్యమైన ప్రతి రోజుకూ బ్యాంకు మీకు 500 రూపాయలు ఇవ్వాలి. ఆ ఈమెయిల్ మాత్రం జాగ్రత్తగా దాచుకోండి.